పళ్లెంలో పప్పెంత?

గత నెల ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిసిన తరువాత, ఇంజనీరింగు చదువుతున్న ముగ్గురు యువకులు మా కార్యాలయానికి వచ్చారు. వారి ఫోనులో సగం తయారైన ఒక యాప్ ఉంది. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనంలో పోషకాలు ఏ మేరకు ఉన్నాయో తల్లిదండ్రులు ఇంటి నుంచే తెలుసుకునేందుకు దానిని రూపొందిస్తున్నామని చెప్పారు. పళ్లేన్ని ఫోటో తీస్తే చాలు, ఎన్ని కేలరీలు ఉన్నాయో తెర మీద అంకె కనిపిస్తుంది. తగినన్ని ఉంటే ఆకుపచ్చ రంగు, తక్కువైతే ఎరుపు రంగు. సమాజానికి ఏదైనా చేయాలన్న తపనతో వచ్చిన పిల్లలను చూసి మాకు నిజంగా సంతోషం కలిగింది. అయినా ఆ ఆకుపచ్చ రంగు మమ్మల్ని కొంత కలవరపెట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందుగా ఒక తల్లి సంగతి చెప్పవలసి ఉంటుంది.

మా పట్టణంలో బీడీలు చుట్టి కుటుంబాన్ని నెట్టుకొస్తున్న ఒక సోదరి ఉంది. ఆమె పెద్దకూతురు ఉర్దూ మాధ్యమంలో అయిదో తరగతి చదువుతోంది. తరచూ కళ్లు తిరుగుతున్నాయంటే పాపను ఆస్పత్రికి తీసుకువెళ్లారు. తోడుగా మాలో ఒకరం వెళ్లాం. రక్తం పరీక్ష చేసి రక్తహీనత అని తేల్చిన డాక్టరమ్మ, ‘మధ్యాహ్నం ఏం తింటుంది?’ అని అడిగింది. ‘బడిలో పప్పన్నం పెడతారమ్మా’ అని తల్లి జవాబిచ్చింది. పక్కనే నిలబడిన పాప మెల్లగా, ‘పప్పు కాదు అమ్మీ, పసుపు నీళ్లు’ అంది.

ఆ తల్లికి నోట మాట రాలేదు. పెద్దదానికి మధ్యాహ్నం బడిలో పప్పు దొరుకుతోంది కదా అన్న నమ్మకంతో, రాత్రి ఇంట్లో వండిన కాస్త పప్పునూ బడి ఈడు రాని చిన్నవాడికే పెడుతూ వచ్చిందామె. చాలీచాలని సంసారంలో ఏ తల్లి అయినా వేసుకునే లెక్కే అది. లెక్కలో తప్పు లేదు, ఆమెకు అందిన సమాచారంలోనే తప్పు ఉంది. పాప రక్తహీనతకు బడి పప్పే కారణమని మేము అనడం లేదు. దానికి కారణాలు అనేకం. కానీ ఇంటి పళ్లెం ఎలా పంచుకోవాలో నిర్ణయించేది బడి పళ్లెం గురించి మనకు తెలిసిన సమాచారమే. ఆ సమాచారం అబద్ధమైతే నష్టం రెండు పూటలా జరుగుతుంది.

ఆ తరువాత సమాచార హక్కు చట్టం కింద ఆ బడి భోజన రిజిస్టరు నకళ్లు తీసుకున్నాం. మెనూలో పప్పు ఉన్న ప్రతి రోజూ ‘పప్పు’ అనే రాసి ఉంది. ఒకే సిరా, ఒకే దస్తూరి, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం రిజిస్టర్లు రాసిన అనుభవంతో ఒక మాట చెప్పగలం. ఏ రోజుకారోజు రాసిన పేజీ అంత శుభ్రంగా ఉండదు. ఇంకొక మాట కూడా చెప్పగలం. రిజిస్టరులో ఏ గడి ఉంటే ప్రభుత్వానికి అదే కనబడుతుంది, గడి లేని సంగతి లోకంలో లేనట్టే. ఈ రోజు ఎంతమంది తిన్నారో ప్రతి బడి నుంచీ ఫోను ద్వారా పై అధికారులకు పంపే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఎంతమంది అన్నదానికి గడి ఉంది. ఏం తిన్నారు, ఎంత చిక్కగా తిన్నారు అన్నదానికి లేదు. కనుక ఈ యువకులు గీస్తున్న గడులు ఏవి అన్నది చిన్న విషయం కాదు.

వండిన భోజనం పిల్లలకు దయాదాక్షిణ్యాల మీద దొరుకుతున్నది కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అది ప్రభుత్వాల బాధ్యత అయింది. 2013 ఆహార భద్రతా చట్టంతో హక్కు అయింది. 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం అయిదో తరగతి వరకు ఒక్కో బిడ్డకు రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. ఇందుకు చిన్న తరగతుల బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క కట్టారు. బియ్యం కేంద్రం ఇస్తుంది. మిగిలిన సరుకులకు 2025 మే నుంచి బిడ్డకు 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకు 10 రూపాయల 17 పైసలు ఇస్తున్నారు.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ రంగు సంగతి చూద్దాం. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఏ ధాన్యంలో ఏముందో పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల బియ్యంలో దాదాపు 355 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 20 గ్రాముల కందిపప్పులో సుమారు 66 కేలరీలు, 4 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. నూనెతో మరో 45 కేలరీలు వస్తాయి. పప్పు మొత్తం ఎగ్గొట్టినా కేలరీలు ఏడో వంతు మాత్రమే తగ్గుతాయి, మాంసకృత్తులు మాత్రం మూడో వంతు మాయమవుతాయి. సగం పప్పు ఎగ్గొడితే కేలరీల అంకెలో తేడా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. అన్నం కుప్పగా ఉంటే యాప్ ఆకుపచ్చ రంగు చూపిస్తుంది. తల్లి నిశ్చింతగా ఉంటుంది. బిడ్డ ఎముకకు, కండకు, రక్తానికి కావలసినది మాత్రం అందదు. రిజిస్టరు చెప్పిన అబద్ధాన్నే ఈసారి మన పిల్లలు తయారు చేసిన యంత్రం రంగు వేసి చెబుతుంది.

పైగా ఫోటో ఎవరు తీస్తారు? భోజన వేళకు తల్లి బడిలో ఉండదు. బిడ్డ చేతిలో ఫోను ఉండదు, ఉండకూడదు కూడా. ఉపాధ్యాయుడు తీసే ఫోటో మొదటి పంక్తిలో, మొదటి గరిటెతో తీసినదై ఉంటుంది. ఆ ఫోటోలో సాంబారు అడుగున పప్పు ఉందో లేదో ఏ కెమెరా చెప్పలేదు. 2013 జులైలో బీహారులోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన బడి భోజనం తిని 23 మంది పసివారు మరణించారు. ఆ పళ్లేలను ఫోటో తీసి ఉంటే మామూలు అన్నం, కూరలాగానే కనిపించేవి. నాలుక పట్టుకోగలిగినదానిని కన్ను పట్టుకోలేదు. పిల్లలకు పెట్టకముందు ఒక ఉపాధ్యాయుడైనా రుచి చూడాలని పథకం మార్గదర్శకాలు చెబుతున్నది అందుకే.

కనుక మేము ఆ యువకులతో, ఫోటో తీసివేసి బిడ్డ మాటను యాప్‌కు ఆధారం చేయమని చెప్పాం. సాయంత్రం బడి సంచి దించగానే ఏ తల్లి అయినా అడగగల నాలుగు ప్రశ్నలు చాలు. ఈ రోజు బడిలో తిన్నావా? పప్పు అన్నం మీద నిలిచిందా, నీళ్లలా జారిపోయిందా? గుడ్డు ఇచ్చే రోజు అయితే నీ చేతికి వచ్చిందా? మళ్లీ పెట్టమంటే పెట్టారా? ఏడేళ్ల బిడ్డ కూడా వీటికి తడుముకోకుండా జవాబిస్తుంది. కేలరీల లెక్క యంత్రం లోపల చేసుకోవచ్చు, తల్లికి మాత్రం పప్పు, గుడ్డు కనబడాలి. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి అయిదు గుడ్లు, తెలంగాణలో మూడు గుడ్లు మెనూలో ఉన్నాయి. ఒక్క గుడ్డుతో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. అంటే ఆ పూట రావలసినదానిలో సగం. నెలకు ఎన్ని గుడ్లు రావాలి, ఎన్ని వచ్చాయి అన్న ఒక్క అంకె తెలిసినా తల్లికి ఎంతో మేలు.

‘తినలేదు’ అని జవాబు వస్తే కారణం అడిగే గడిని కూడా వారు పెట్టారు. అందులో ‘రోజా’ అని ఒకటి రాశారు. మంచి ఉద్దేశంతోనే రాశారు. రంజాన్‌లో ఉపవాసం ఉన్న పెద్ద పిల్లలను బడి భోజనం మానేసినవారిగా లెక్కిస్తారేమోనని వారి బాధ. కానీ ఆ ఒక్క గడితో ఏ బడిలో ఎవరు ఏ మతస్థులో చెప్పే జాబితా తయారవుతుంది. కారణం గడే వద్దన్నాం. తినలేదు అంటే తినలేదు, అంతే. బిడ్డ పేరు వద్దు, తండ్రి పేరు వద్దు, కులం, మతం, ఆధార్ ఏవీ వద్దు. బడికి ఉన్న పదకొండు అంకెల యూడైస్ సంఖ్య, తరగతి ఉంటే సరిపోతుంది. మధ్యాహ్న భోజనానికి ఆధార్ కావాలని 2017లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు దేశమంతా ఎంత ఆందోళన చెందిందో మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రయోజనాలు నిరాకరించరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 18 ఏళ్ల లోపు వారి వ్యక్తిగత సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అని 2023 చట్టం చెబుతోంది. ప్రభుత్వానికి మనం వినిపించే ఈ న్యాయం మన పిల్లలు తయారు చేసే యాప్‌కూ వర్తిస్తుంది. ఒక్కో బిడ్డ వివరం తల్లి ఫోనులోనే ఉండాలి. బయటికి వచ్చేది బడి మొత్తం లెక్క మాత్రమే కావాలి.

తల్లి ఫోను అన్నాం. ఆ ఫోను నిజంగా ఉందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు 54 శాతమే. మన బస్తీల్లో మంచి ఫోను కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది, తల్లి దగ్గర ఉండేది బటన్ల ఫోను. భాష చిక్కు మరొకటి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. అయినా ఇళ్లలో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవలేని తల్లులు మనలో లక్షలాది ఉన్నారు. తెలుగు తప్ప మరొకటి ఎరుగని దూదేకుల కుటుంబాలూ ఉన్నాయి. కనుక రాత కంటే మాట మేలు. తల్లి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను రావాలి. మన ఇళ్ల దక్కనీ ఉర్దూలోనో తెలుగులోనో నాలుగు ప్రశ్నలు వినబడాలి. ఒకటి, రెండు, మూడు అంకెలు నొక్కి ఆమె జవాబివ్వాలి. దుబాయిలోనో కువైట్‌లోనో పని చేసుకుంటున్న తండ్రి కావాలంటే తన ఫోనులో ఆ లెక్క చూసుకోవచ్చు. రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు ‘గుడ్డు తిన్నావా’ అని అడిగే అవకాశం ఆయనకూ దక్కుతుంది.

ఇక వంట చేసే తల్లి మాట. ఈ యాప్ వల్ల అన్నింటికంటే ముందు దెబ్బ తగిలే ప్రమాదం ఆమెకే ఉంది. పప్పు పలచగా ఉందని వంద ఫిర్యాదులు వస్తే అధికారులు తేలికగా చేసే పని వంట ఏజెన్సీని మార్చడం. ఆమెకు రెండు రాష్ట్రాల్లోనూ నెలకు ఇచ్చే గౌరవ వేతనం మూడు వేల రూపాయలు. బిల్లు నెలల తరబడి రాకపోతే ఆమె కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండుతుంది. కొట్టువాడు ఇవ్వనన్న రోజున పప్పులో నీళ్లు పెరుగుతాయి. మాకు తెలిసిన ఒక వంటమ్మ పిల్లలకు పెట్టడం ఆపకూడదని చెవిదిద్దులు తాకట్టు పెట్టింది. అటువంటి మనిషిని దొంగగా నిలబెట్టే యాప్ మనకు వద్దు. యాప్‌లో వంటమ్మకూ ఒక ప్రశ్న ఉండాలని మేము గట్టిగా చెప్పాం. ఏ నెల బిల్లు ఏ తేదీన చేతికి వచ్చింది? పప్పు పలచబడిన వారాన్ని, బిల్లు ఆగిన నెలను పక్కపక్కన పెట్టి చూస్తే, నీళ్లు కలిపిన చేయి ఎవరిదో తెలుస్తుంది. చాలా సందర్భాల్లో ఆ చేయి వంటగదిలో ఉండదు.

సరే, లెక్క వచ్చింది. దానిని ఎవరికి చూపాలి? ఇక్కడే చాలా యాప్‌లు చతికిలబడతాయి. ఫిర్యాదు ఎక్కడికో పోతుంది, ‘స్వీకరించబడింది’ అని జవాబు వస్తుంది, కథ ముగుస్తుంది. 2015 నిబంధనల్లో రెండు ముఖ్యమైన సంగతులు ఉన్నాయి. సరుకు లేదనో వంట మనిషి రాలేదనో ఒక రోజు భోజనం పెట్టకపోతే, ఆ రోజు బియ్యం, వంట ఖర్చు కలిపి వచ్చే నెల 15వ తేదీలోగా బిడ్డకు భత్యంగా ఇవ్వాలి. వరుసగా మూడు రోజులు గానీ నెలలో అయిదు రోజులు గానీ పెట్టకపోతే రాష్ట్ర ప్రభుత్వం బాధ్యులెవరో తేల్చాలి. ఈ లెక్క తల్లి గుర్తుపెట్టుకోలేదు, యాప్ పెట్టుకోగలదు. మూడో రోజు సాయంత్రం ఆమె ఫోనుకు కబురు రావాలి.

అయితే పప్పు పలచగా ఉందన్న కారణంతో భత్యం అడిగే వీలు ఆ నిబంధనల్లో లేదు. నాణ్యత విషయంలో నిలదీయవలసిన చోటు పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. పేరు ఏదైనా, మన తల్లులు ఎందరు ఆ సమావేశాలకు వెళ్తున్నారు? సంతకం కోసం పుస్తకం ఇంటికి పంపితే వేలిముద్ర వేసి పంపేవారినే మేము ఎక్కువగా చూస్తున్నాం. యాప్ ప్రతి నెలా ఒక పేజీ తీసి ఇవ్వాలి. ఎన్ని రోజులు పప్పు నిలిచింది, ఎన్ని గుడ్లు రావాలి, ఎన్ని వచ్చాయి, బిల్లు ఎప్పుడు వచ్చింది అన్నది దానిలో ఉండాలి. ఆ కాగితం సమావేశంలో చదివించి మినిట్స్‌లో ఎక్కించుకోవాలి. నోటిమాటకు కార్యాలయంలో విలువ లేదు. మినిట్స్‌లోకి ఎక్కిన మాటకు ఎప్పటికైనా జవాబు చెప్పవలసి వస్తుంది. సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు ముందుగా తెరిచేదీ ఆ పుస్తకాలనే.

గురుకులాల మాట వేరు. తెలంగాణలో రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. అక్కడ బిడ్డ మూడు పూటలా అక్కడే తింటుంది, తల్లి నెలకొకసారి చూస్తుంది. 2024లో మెనూను అన్ని గురుకులాలకూ ఒకటి చేసి, డైట్ ఛార్జీలను 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయల నుంచి 1,330 రూపాయలకు పెరిగింది. రోజుకు సుమారు 44 రూపాయలు. అల్పాహారం నుంచి రాత్రి భోజనం వరకు అందులోనే. పెంపు మంచిదే, పెంచిన ప్రభుత్వాన్ని అభినందించాలి. కానీ పెరిగిన డబ్బు పళ్లెంలోకి వచ్చిందా అని ఆదివారం కలవడానికి వెళ్లిన తల్లి ఏ రోజు అడగాలి? అక్కడ మన తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ‘మాంసం హలాలేనా?’ అన్నది. ఆ ప్రశ్న న్యాయమైనది, దానిని అడిగే హక్కు మనకు ఉంది. దురదృష్టవశాత్తూ అక్కడితోనే ఆగిపోతున్నాం. తూకంలో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ ఖురానులో ముతఫ్ఫిఫీన్ అనే ఒక సూరానే ఉంది. ఇవ్వవలసిన కోడికూరలో సగం మాత్రమే వడ్డిస్తే, మిగతా సగం ఎవరికి హలాల్ అయిందని కూడా అడగాలి కదా!

బయటివారిని అడిగే ముందు మన ఇంటిని చూసుకోవాలి. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేవారు నాలుగు శాతానికి మించరని 2006లోనే సచార్ కమిటీ చూపింది. కనుక ప్రభుత్వ బడి భోజనమే మన ప్రధాన సమస్య. అయినా ఆ కొద్దిమంది పిల్లలు తినేది సమాజం ఇచ్చిన చందాతో, జకాతుతో. సర్వశిక్షా అభియాన్ సహాయం పొందే మదరసాలకు 2008 నుంచే మధ్యాహ్న భోజన పథకం వర్తింపజేశారు. ఆ అవకాశాన్ని ఎన్ని మదరసాలు వాడుకున్నాయి? ఎయిడెడ్ మైనారిటీ పాఠశాలల్లో యాజమాన్య కమిటీ సలహాలు మాత్రమే ఇవ్వగలదని 2012లో చట్టాన్ని సవరించారు. మన సంస్థల స్వయంప్రతిపత్తి కోసం వచ్చిన రక్షణ అది. కానీ ఆ రక్షణను చూపి, వంటగది తలుపు దగ్గరే తల్లిని ఆపేసిన ఒక యాజమాన్యాన్ని మేము స్వయంగా చూశాం. పేరు రాయడం లేదు, వారు ఈ పత్రిక చదువుతారు. మొదట నమోదయ్యే బడుల్లో మన సంస్థల బడి ఒకటైనా ఉండాలని యువకులను కోరాం.

వారు మా మాటలు ఓపికగా విన్నారు, రాసుకున్నారు. ఫోటో తీసివేయడం వారికి కష్టంగానే ఉంది. ఎంతో శ్రమ పడి చేసిన భాగం అది. ఉర్దూ, తెలుగు గొంతులతో ప్రశ్నలు సిద్ధం చేయడానికి రెండు నెలలు పడుతుందన్నారు. అంతవరకు ఆగడం ఎందుకని, ఆ బీడీల సోదరి ఇంటి గోడ మీద ఉన్న కాగితపు క్యాలెండరుతోనే మొదలుపెట్టాం. పప్పు నిలిచిన రోజు తేదీ పక్కన చుక్క, గుడ్డు వచ్చిన రోజు సున్నా. పెన్సిలు పాప చేతిలోనే ఉంటుంది. ఆ వీధిలో ఇప్పుడు తొమ్మిది ఇళ్లలో అదే క్యాలెండరు నడుస్తోంది.

మీ వీధిలోనూ మొదలుపెట్టండి. నెల పేజీ చింపవద్దు. బడి యూడైస్ సంఖ్య, తరగతి రాసి, బిడ్డ పేరు రాయకుండా, ప్రతి నెల అయిదో తేదీలోగా మా చిరునామాకు ఫోటో గానీ నకలు గానీ పంపండి. వచ్చినవన్నీ బడుల వారీగా కలిపి, కమిటీ సమావేశంలో చదివేందుకు వీలుగా ఒక పేజీలో రాసి మీకే తిరిగి పంపుతాం. వంట ఏజెన్సీలవారు కూడా తమ బిల్లు తేదీలు రాయవచ్చు. వారి వివరాలు బయటికి రానివ్వం.